మేము అన్నారా, మనం అన్నారా: 18 నిమిషాల డాక్యుమెంటరీ ఒకటి

మేం తీసిన ఒక చిన్న డాక్యుమెంటరీ నిడివి 18 నిమిషాలు. దానికంటే ముందు అదే కాలనీలో, అదే మనుషులతో 26 నిమిషాల సినిమా ఒకటి తయారుచేశాం. అది తప్పు సినిమా. చూడటానికి బాగానే ఉండేది, చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ 26కీ ఈ 18కీ మధ్య ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. ఊరు, సముదాయం, అస్తిత్వం, 'మనవాళ్లు' అనే భావన లాంటి విషయాల మీద షార్ట్ డాక్యుమెంటరీ తీయబోయేవాళ్లకు పనికిరావచ్చు. ఊరి పేరు, మనుషుల పేర్లు, పని అప్పగించిన సంస్థ పేరు చెప్పడం లేదు. సినిమాలో కనిపించడానికి వాళ్లు ఒప్పుకున్నారు గానీ దాని గురించి నేను రాసే రాతలో కనిపించడానికి ఒప్పుకోలేదు. ఆ రెండూ వేరు.

ఒక రిజర్వాయర్ కింద రెండు ఊళ్లు మునిగాయి. రెండింటికీ కలిపి ఒకే పునరావాస కాలనీ ఇచ్చారు. ప్లాట్లు లాటరీలో పంచారు కాబట్టి, పాత ఊళ్లో గోడ కలిసిన ఇళ్లవాళ్లు కొత్త కాలనీలో ఆ మూలకొకరు, ఈ మూలకొకరు పడ్డారు. వాగుకు ఎగువన ఉండే ఊరివాళ్లను పైఊరోళ్లనీ, దిగువ ఊరివాళ్లను కిందూరోళ్లనీ ఇప్పటికీ అంటారు. ఎగువా దిగువా రెండూ ఒకే నీళ్ల అడుగున ఉన్నాయి, కాలనీ చూస్తే బల్లపరుపు నేల. అయినా ఆ మాటలు పోలేదు.

సంస్థవాళ్లు అడిగింది 'రెండు ఊళ్లు ఒక్కటైన కథ'. కథ ఎలా ముగియాలో మొదటి మీటింగ్‌లోనే చెప్పేశారు. అప్పుడే మనసులో ఏదో గుచ్చుకుంది గానీ, పని చేతికొచ్చిన సంతోషంలో పట్టించుకోలేదు.

మాస్టారు

కాలనీలో అడుగుపెట్టిన రోజు ఎవరిని ఏమడిగినా ఒకటే జవాబు. "మాస్టారి దగ్గరికెళ్లండి బాబూ, ఆయనకన్నీ తెలుసు." రిటైర్డ్ టీచరు, పైఊరు. నిజంగానే అన్నీ తెలుసు. పాత ఊరి వీధులు వరసగా చెప్పేవారు. ఏ ఇంటి ముందు ఏ చెట్టు ఉండేదో, ఏ అరుగు మీద ఎవరు కూర్చునేవారో కళ్లు మూసుకుని చెప్పేవారు. వాక్యం మొదలుపెడితే పూర్తి చేసేవారు, మధ్యలో దగ్గినా మళ్లీ మొదటి నుంచి చెప్పేవారు. ఒకసారి ఆయనే, "ఈ ముక్క మళ్లీ చెప్పమంటారా? బైట హారన్ పడింది" అన్నారు. టీవీ వాళ్లు చాలాసార్లు వచ్చి వెళ్లారట, పని నేర్చుకున్నారు. ఇలాంటి మనిషి దొరికితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. నాలుగు సిట్టింగుల్లో ఆరు గంటలు రికార్డు చేశాం.

ఆ నాలుగు సార్లూ వాళ్ల ఆవిడ టీ గ్లాసులు తెచ్చి స్టూలు మీద పెట్టి, కాసేపు తలుపు దగ్గర నిలబడేది. ఫ్రేములో చీర అంచు పడుతోందని కాస్త పక్కకు జరగమని సైగ చేసింది నేనే.

ఏ ఊళ్లోనైనా బయటివాళ్లకు ఎదురొచ్చే మనిషి ఒకరుంటారు. ఆయన మంచివాడే అయి ఉంటాడు, అబద్ధం చెప్పడు. కాకపోతే ఊరి గురించి మాట్లాడే పని చాలా ఏళ్ల నుంచి ఆయనదే కావడంతో, ఊరి కథ ఆయన నోటి రూపంలోకి వచ్చేసి ఉంటుంది. మిగతావాళ్లు కూడా 'మాకేం తెలుసు' అనడం అలవాటు చేసుకుని ఉంటారు. ఇది తెలియక కాదు మేం ఆయన మీద పడింది. షెడ్యూలు మీద కన్నుండటం వల్ల పడ్డాం.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ఎండాకాలం నీళ్లు తగ్గితే పాత గుడి గోపురం కొస బయటపడుతుంది. పొద్దున్నే డ్రోన్ ఎగరేసి, పొగమంచులో ఆ కొస చుట్టూ ఒక రౌండు తిప్పాం. అద్భుతమైన షాట్. ముంపు మీద సినిమా తీసిన ప్రతి ఒక్కరి దగ్గరా ఇలాంటి షాట్ ఒకటి ఉంటుంది. ఆ కోణంలో ఆ గోపురాన్ని ఆ ఊరివాళ్లెవరూ ఎప్పుడూ చూసి ఉండరు. పక్షి చూసింది, మేం చూశాం. అది మొదటి వెర్షన్‌లో మొదటి షాట్. చివరి వెర్షన్‌లో లేదు.

దుప్పటి మీద సినిమా

రఫ్ కట్, అంటే ఆ 26 నిమిషాల మొదటి కూర్పు, కాలనీవాళ్లకు చూపిస్తామని ముందే మాటిచ్చాం. రేషన్ షాపు గోడకు తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ పెట్టి, చీకటి పడ్డాక వేశాం. డెబ్భై మంది దాకా వచ్చారు. పిల్లలు ముందు నేల మీద, ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు మోటార్ సైకిళ్ల మీద ఆనుకుని.

ఇలా చూపించడం మేం కనిపెట్టిందేమీ కాదు. 1967లో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దగ్గర ఫోగో అనే దీవిలో, నేషనల్ ఫిల్మ్ బోర్డు తరఫున దర్శకుడు కాలిన్ లో (Colin Low) ఈ పని పెద్ద ఎత్తున చేశాడు. అక్కడి జాలరుల్ని ప్రభుత్వం వేరే చోటికి తరలించే ఆలోచనలో ఉంది. ఆయన ఒక్క పెద్ద సినిమా తీయకుండా, ఒక్కో మనిషి మీద, ఒక్కో సంఘటన మీద విడివిడిగా పాతికకు పైగా చిన్న సినిమాలు తీశాడు. ముందు ఆ మనిషికే చూపించాడు, వద్దన్న ముక్క తీసేశాడు, తర్వాత మిగతా దీవికి చూపించాడు. ఒకరి మాటను ఇంకొకరి మాటతో కత్తిరించి అతికిస్తే వాళ్లు అనని గొడవను మనమే పుట్టించినట్టవుతుందని ఆయన జాగ్రత్త. దీవివాళ్లు చివరికి సహకార సంఘం పెట్టుకుని అక్కడే ఉండిపోయారు. అదంతా సినిమాల వల్లే జరిగిందని ఎవరూ అనరు గానీ, విడివిడిగా ఉన్న పల్లెలు ఒకరి మాట ఒకరు విన్నది మాత్రం ఆ తెర మీదే.

ఇదంతా చదివే ఉన్నాను. చదివి కూడా 26 నిమిషాలూ ఒక్క మనిషి గొంతు మీద నడిపించాను.

దుప్పటి మీద బొమ్మ పడగానే అందరూ కథ వదిలేసి వెనకాల ఏముందో చూడటం మొదలుపెట్టారు. "ఆ దూడ ఎవరిదే?" "పిన్ని నడక చూడు, అచ్చం వాళ్లమ్మే." నవ్వులు. మాస్టారు మాట్లాడుతున్నప్పుడు మాత్రం బడిలో కూర్చున్నట్టు బుద్ధిగా ఉన్నారు. నీళ్ల షాట్ల మీద వేణువు బిట్ ఒకటి వేశాం. అది మొదలవగానే ఒక ముసలాయన పక్కనున్న కుర్రాణ్ణి గట్టిగానే అడిగాడు: "ఎవరైనా పోయారా ఇందులో?"

ఫ్రెంచ్ దర్శకుడు జాన్ రూష్‌కు ఇలాంటిదే ఎదురైంది. 1950ల్లో ఆఫ్రికాలో నైజర్ నది మీద నీటిగుర్రాల వేట తీసి, వేటగాళ్ల సొంత పాటనే నేపథ్య సంగీతంగా వేసి, ఆ సినిమాను వాళ్లకే చూపించాడు. వాళ్లు ఆ పాట తీసేయమన్నారు. వేటలో చప్పుడు చేస్తే నీటిగుర్రం పారిపోతుంది కదా అన్నారు. రూష్‌కు ఆ రోజు జ్ఞానోదయమైంది. నాకు ముసలాయన మాటతో అయింది. వేణువు తీసేశాం, చివరిదాకా ఏ సంగీతమూ పెట్టలేదు.

సినిమా అయిపోయాక ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచి చీర దులుపుకుంటూ, "బాగుంది నాయనా. మాస్టారి సినిమా బాగా తీశారు" అంది. వెటకారం లేదు, నిజంగానే మెచ్చుకుంది. వెనక నుంచి ఒక కుర్రాడు అడిగాడు: "మరి మా ఊరు ఎక్కడుందన్నా ఇందులో?"

అతను కిందూరు.

మర్నాడు టైమ్‌లైన్ తెరిచి లెక్క కట్టాం. మాటలున్న భాగం 17 నిమిషాలు. అందులో మాస్టారు 11. కిందూరోళ్లందరూ కలిపి 2 నిమిషాల 10 సెకన్లు, అది కూడా మాస్టారు చెప్పినదానికి తలూపే ముక్కలే. కావాలని చేయలేదు. వాళ్లు వాక్యాలు మధ్యలో ఆపేస్తారు, ఒకరి మీద ఒకరు మాట్లాడతారు, 'అదీ' 'ఇదీ' అంటారు, ముక్క తెగదు. ఎవరి మాట ఎడిటింగ్‌కు లొంగితే వాళ్ల ఊరే ఊరైపోయింది.

ఖాళీ కుర్చీ

31 గంటల ఫుటేజీకి ట్రాన్స్‌క్రిప్ట్ రాస్తున్న అమ్మాయి ఒకరోజు, "సార్, వీళ్లు ఎక్కడా 'మనం' అనడం లేదు, గమనించారా?" అంది. గమనించలేదు. ఇద్దరం కూర్చుని మేము, మా, మావాళ్లు అన్న మాటలకు పసుపు రంగు, మనం, మన, మనవాళ్లు అన్నవాటికి ఆకుపచ్చ వేసుకుంటూ పోయాం. ఇంటర్వ్యూల పేజీలన్నీ పసుపు. మా ఊరు, మా వీధి, మా గుడి, మాకు ఇవ్వలేదు.

రెండు రోజులు చాలా సంబరపడ్డాను. సంస్థవాళ్లు చెప్పిన 'ఒక్కటైన కథ' అబద్ధం, ఇంకా ఎవరి ఊరు వాళ్లదే, ఆధారం ఇదిగో వ్యాకరణంలోనే ఉంది అనుకున్నాను. సినిమాకు కొత్త పేరు కూడా అనుకున్నాను. మూడో రోజు పళ్లు తోముకుంటుంటే తట్టింది, వాళ్లు మాట్లాడుతున్నది నాతో కదా అని.

తెలుగువాడికి చెప్పక్కర్లేదు గానీ, మనం రోజూ వాడుతూ పట్టించుకోని సంగతి ఇది. వినేవాణ్ణి కలుపుకుంటే 'మనం', కలుపుకోకపోతే 'మేము'. ఎదుటివాడు పరాయివాడైతే, చెప్పేవాడి మనసులో ఎంత కలుపుగోలుతనం ఉన్నా వ్యాకరణం ఒప్పుకోదు, 'మేము' అనే తీరాలి. పక్కింటాయన తన ఇంటి గొడవ నాకు చెబుతూ "మన ఇల్లు" అనడు. కెమెరా ముందు కూర్చున్న మనిషికి ఎదురుగా ఉన్నది బయటివాడు. అంటే నేను ఇంటర్వ్యూ అనే పద్ధతి ఎంచుకున్నప్పుడే ఆకుపచ్చ మాటలకు తలుపు మూసేశాను. ఆ పసుపు పేజీలు కాలనీ గురించి ఏమీ రుజువు చేయవు. నేనెక్కడ కూర్చున్నానో చెబుతాయి, అంతే.

అక్కడక్కడా పడిన ఆకుపచ్చ చుక్కలు మళ్లీ చూశాం. దాదాపు అన్నీ షాట్ల మధ్యలో, బ్యాటరీ మారుస్తున్నప్పుడో, మేం లేస్తున్నప్పుడో దొర్లినవే. ఒకటి మాత్రం వేరు.

కిందూరు ఆవిడ ఒకామె, నలభై దాటిన మనిషి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నాతో చెబుతోంది: "మా ఊళ్లో అయితే నీళ్లకు ఏ రోజూ ఇబ్బంది పడలేదన్నా. ఇక్కడికొచ్చాకే." అంతలో గోడ అవతలి నుంచి ఎవరో ట్యాంకరొచ్చిందని కేకేశారు. ఆమె మాట మధ్యలో వదిలేసి, కాలర్ మైకుతో సహా బయటికి పరుగెత్తింది. కెమెరా ఆగలేదు. తెర మీద ఖాళీ కుర్చీ. మైకులో చెప్పుల చప్పుడు, బిందె గోడకు తగిలిన చప్పుడు, తర్వాత ఆమె గొంతు: "మన లైను వదిలేసి పోతున్నాడు వదినా! ఆపు, ఆపు, అడ్డం నిలబడు!"

ఆ వదిన పైఊరావిడ.

'మా ఊరు' నుంచి 'మన లైను'కు ఒక నిమిషం కూడా పట్టలేదు. రెండూ నిజమే. ఎడిటర్ దాన్ని 'ఖాళీ కుర్చీ, పనికిరాదు' అని రాసి పక్కన పడేసి ఉన్నాడు. ఇప్పుడు సినిమా దాంతోనే మొదలవుతుంది: 40 సెకన్లు, ఒక ఖాళీ కుర్చీ, వెనకాల గొంతులు.

ఆ 'వదినా' కూడా చిన్న మాట కాదు. ఒక్కో ఊళ్లో అందరికీ అందరితో వరస ఉంటుంది, చుట్టరికం లేకపోయినా మామా, పిన్నీ, బావా అని పిలుచుకుంటారు. రెండు ఊళ్లు ఒకచోట పడితే వరస కుదరదు. మొదట్లో ప్లాటు నంబర్లతో చెప్పుకునేవారట, 'నలభై రెండామె', 'నూట ఆరాయన' అని. ఎవరు ఎవరికి మొదట వరస పెట్టి పిలిచారో ఎవరికీ గుర్తులేదు. నేను అడిగితే నవ్వారు.

'మనం' దొరికింది కదా అని దాన్ని నెత్తిన పెట్టుకోకూడదు. "మనకెందుకులే", "మన చేతుల్లో ఏముంది" అన్నప్పుడు అందులో కలుపుకోవడమేమీ లేదు, నిట్టూర్పు మాత్రమే ఉంది. ఇక "మనోళ్లేనా?" అన్న ప్రశ్న ఏం కనుక్కోవడానికి అడుగుతారో అందరికీ తెలుసు. 'మన' అన్నప్పుడు లోపలికి వచ్చేవాళ్లుంటే, అదే దెబ్బతో బయట ఉండిపోయేవాళ్లూ ఉంటారు. కాలనీలో ఆఖరి వీధిలో నాలుగైదు కుటుంబాలున్నాయి. పైఊరు కాదు, కిందూరు కాదు, ముంపుకు ముందు ఎక్కడెక్కడి నుంచో పనికొచ్చి అక్కడ ఉండిపోయినవాళ్లు. వాళ్ల గురించి రెండు ఊళ్లవాళ్లూ ఒకే గొంతుతో 'మనోళ్లు కాదు' అన్నారు. రెండు ఊళ్లు నిజంగా ఒక్కటైన చోటు అదొక్కటే కనిపించింది నాకు. ఆ కుటుంబాలు కెమెరా ముందుకు రావడానికి ఇష్టపడలేదు. వాళ్లు లేని సినిమా ఇది, ఆ లోటు లోటే.

నేను పక్కకు జరగడం

రెండో షూటింగ్‌కు పద్ధతి మార్చాం. ఒంటరిగా ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఎప్పుడూ ఇద్దరు లేదా ముగ్గురు, వాళ్లు ఎలాగూ చేసుకునే పని దగ్గరే. ఇద్దరికీ చెరో కాలర్ మైకు. కెమెరా దూరంగా, 85 ఎం.ఎం. లెన్సుతో. అన్నిటికంటే కష్టమైన నియమం ఏమిటంటే, నేను వినపడే దూరంలో ఉండకూడదు. వినేవాణ్ణి బట్టి మాట మారుతుందని తెలిశాక ఇంక నాకు అక్కడ పనేముంది? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సందు చివర వేపచెట్టు కింద కూర్చునేవాణ్ణి. దర్శకుడికి ఇంతకంటే అవమానం లేదు, మంచి నిద్ర మాత్రం పట్టింది.

మొదటి అరగంట, ముప్పావుగంట దేనికీ పనికిరాదు. మైకు ఉందని గుర్తుంటుంది, పెద్దమనుషుల్లా మాట్లాడతారు. తర్వాత ఎవరో ఒకరు పని మీద పడతారు, అప్పుడు అసలు మాటలు మొదలవుతాయి. తొమ్మిది రోజుల్లో నాలుగు సీన్లు దొరికాయి. బడ్జెట్ లెక్కన చూస్తే ఇది దండగ పని. ఇంటర్వ్యూలతో అయితే రెండు రోజుల్లో సినిమా నిండేది.

నాలుగింటిలో ఒక సీన్ గురించి చెప్పాలి. పైఊరు పెద్దావిడ ఒకామె పప్పు గిన్నె మీద మూతపెట్టి, "పక్కింటికెళ్లొస్తా బాబూ" అంది మా కెమెరామన్‌తో. పక్కింటికి తాళం వేసుంది. ఆమె దాన్ని దాటిపోయింది. రెండో వీధి, మూడో వీధి, వాటర్ ట్యాంకు, అంగన్‌వాడీ, ఎనిమిదో వీధి. అక్కడ ఒక ఇంటి ముందు ఆగి, గేటు తీయకుండానే "ఏం చేస్తున్నావే?" అంది. పాత ఊళ్లో ఆ ఇద్దరిదీ ఒకే గోడ. ఇళ్లు మారి అన్నేళ్లయినా ఆమెకు 'పక్కిల్లు' అంటే అదే. తాళం వేసిన ఇంటివాళ్లను ఏమంటుందని తర్వాత అడిగితే, "ఎదురోళ్లు" అంది. వాళ్లు ఎదురు కాదు, పక్క. పక్క అన్న మాట ఖాళీగా లేదు మరి.

ఆ నడకను సినిమాలో ఒకే షాట్‌గా 1 నిమిషం 50 సెకన్లు ఉంచాం. 18 నిమిషాల్లో అది పదో వంతు. సలహా అడిగిన ప్రతివాళ్లూ తగ్గించమన్నారు, 30 సెకన్లకు కుదిస్తే 'విషయం అర్థమవుతుంది' అన్నారు. విషయం అర్థమవడానికైతే ఒక వాక్యం చాలు, సినిమా ఎందుకు? ఎనిమిది వీధులు ఎంత దూరమో కాళ్లకు తెలియాలి. అక్కడ మాటల్లేవు, చెప్పులు, కుక్క, ఎక్కడో మిక్సీ చప్పుడు. సౌండ్ చేసినతను ఒక్కో వీధిలో నిలబడి నిమిషం చొప్పున విడిగా ఆ వీధి చప్పుళ్లు రికార్డు చేసి తెచ్చాడు. ఆ షాట్ నిలబడిందంటే అతని వల్లే.

చూశాక మళ్లీ అడగడం

సమ్మతి రెండుసార్లు తీసుకున్నాం. షూటింగ్ ముందు ఒకసారి, ఫైన్ కట్, అంటే దాదాపు చివరి కూర్పు, చూపించాక మరోసారి. మొదటిది నిజానికి సగం సమ్మతే. ఏం తీస్తారో, అది తెర మీద ఎలా ఉంటుందో తెలియని మనిషి పెట్టిన సంతకానికి ఎంత విలువ? కాగితం చదివి వినిపించి, వాళ్ల మాటను ఆడియోలో తీసుకున్నాం. రెండోసారి ఎవరింటికి వాళ్లకు లాప్‌టాప్ తీసుకెళ్లి, వాళ్లు కనిపించే భాగం ముందు, ఆ తర్వాత మొత్తం సినిమా చూపించాం. అందరి ముందు చూపించి అడిగితే వద్దనడానికి మొహమాటపడతారు.

ఒకామె వద్దంది. నష్టపరిహారం డబ్బు గురించి ఆమె, తోడికోడలు బియ్యం ఏరుతూ వాదించుకున్న సీన్. రెండున్నర నిమిషాలు. ఒక్క చూపు, ఒక్క మాట వృథా లేదు. మా దగ్గరున్న వాటిలో అదే మేలైనది. ఆమె చివరిదాకా చూసి, "బాగానే ఉంది గానీ తీసెయ్ అన్నా, మా ఆయన చూస్తే ఇంట్లో ఉండనివ్వడు" అంది. తీసేశాం. ఆ రాత్రి కెమెరామన్ నాతో మాట్లాడలేదు. మొహం కనపడకుండా పెడదామా, గొంతు మారుద్దామా అని ఆలోచించాం కూడా. అంత చిన్న కాలనీలో గొంతు మార్చినా చేతులు చూసి గుర్తుపడతారు.

పేరు దగ్గర ఇంకో గొడవ. సంస్థవాళ్లకు టైటిల్‌లో 'ముంపు' అన్న మాట కావాలి. కాలేజీలో చదివే అమ్మాయి ఒకామె సినిమా చూసి అంది: "హాస్టల్లో మమ్మల్ని ముంపు బ్యాచ్ అంటారు. ఇప్పుడు మీరు కూడానా?" ఆ పిల్ల పుట్టింది పాత ఊళ్లోనే గానీ, ఊరు ఖాళీ చేసేనాటికి ఒళ్లో పాప. తను చూడని నీళ్ల పేరుతో తనను పిలుస్తున్నారు. టైటిల్ మార్చాం. సంస్థతో దీని మీద మూడు వారాలు ఈ-మెయిళ్లు నడిచాయి. ఒప్పుకున్నారు గానీ, తమ సమావేశంలో సినిమా మొత్తం వేయకుండా నాలుగు నిమిషాల ముక్క వేసుకున్నారు. అందులో డ్రోన్ షాట్ ఉంది. పాత వెర్షన్ లోంచి తీసుకున్నారు.

18 నిమిషాలే ఎందుకంటే, అంతకంటే ఎక్కువ నిలబడలేదు. షార్ట్ డాక్యుమెంటరీ అంటే ఆస్కార్ లెక్కలో టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల వరకూ పోవచ్చు, జాగా చాలానే ఉంది. కానీ వాదన సీన్ పోయాక మిగతావాటి మధ్య బరువు మారింది, మాస్టారి భాగం తగ్గించాక ఇంకా మారింది. ఆయన ఇప్పుడు సినిమాలో 50 సెకన్లు.

సబ్‌టైటిల్స్ దగ్గర పడిన తిప్పలు

సినిమా అంతా మేము, మనం మధ్య నడుస్తుంది. ఇంగ్లీషులో రెండూ 'ఉయ్', రెండూ 'అవర్'. ఖాళీ కుర్చీ సీన్‌లో "అవర్ విలేజ్", ఒక నిమిషానికి "అవర్ లైన్" అని పడితే చూసేవాడికి ఏమీ జరగనట్టే. హిందీ 'హమ్'కూ ఇదే జబ్బు. తమిళంలో నాంగళ్, నామ్. మలయాళంలో ఞంగళ్, నమ్మళ్. మరాఠీలో ఆమ్హీ, ఆపణ్ ఉన్నాయి కాబట్టి వాటిలోకి పోతే చిక్కేమీ లేదు. ఇంగ్లీషు చేయకపోతే మాత్రం ఫెస్టివల్స్‌కు పంపలేం.

మొదట 'మనం'కు "ఆల్ ఆఫ్ అజ్" అని పెట్టాం. ఉపన్యాసంలా ఉంది. ట్యాంకర్ వెనక పరుగెత్తే మనిషి అలా మాట్లాడదు. "యూ అండ్ మీ" అంటే సినిమా పాటలా ఉంది. రంగులు మార్చి చూశాం, మేముకు తెలుపు, మనంకు లేత పసుపు. చూసినవాళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు మాట్లాడుతున్నారనుకున్నారు. పైగా సబ్‌టైటిల్‌కు ఉన్నదే రెండు లైన్లు, లైనుకు నలభై చిల్లర అక్షరాలు, అది కూడా రెండు మూడు సెకన్లలో చదివేయాలి. అక్కడ వ్యాకరణ పాఠం పెట్టలేం.

చివరికి చేసింది ఇది. 'మా' అన్నచోట ఎవరి మా అన్నది ఊరి గుర్తుతో రాశాం: 'మా ఊళ్లో' అంటే "డౌన్ ఇన్ అవర్ ఓల్డ్ విలేజ్". 'మన' అన్నచోట పిలుపును ముందుకు తెచ్చాం: "సిస్టర్, హీ ఈజ్ స్కిప్పింగ్ అవర్ లైన్". వదినను సిస్టర్ అనడం మనసుకు ఒప్పలేదు, సిస్టర్ ఇన్ లా అంటే కోర్టు కాగితంలా ఉంది. కొంతవరకు పనిచేసింది. తెలుగు రానివాళ్లకు ఆ సీన్‌లో సగమే అందుతుందని నాకు తెలుసు. తెలుగువాళ్లు చూసినప్పుడు మాత్రం "మన లైను" దగ్గర హాల్లో చిన్న కదలిక వస్తుంది. సంగీతం పెట్టి అలాంటిది తెప్పించలేం.

కాలనీలో రెండోసారి దుప్పటి కట్టినప్పుడు జనం మొదటిసారి కంటే తక్కువ వచ్చారు, వానపట్టు. నడక షాట్ మొదలైన కాసేపటికి పిల్లలు వీధులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు, "మూడూ... నాలుగూ..." అని. ఎనిమిదికి అందరూ కలిసి అరిచారు. ఆ పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మా ఊరు ఎక్కడుందని అడిగిన కుర్రాడు ఈసారి ప్రొజెక్టర్‌కు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు, ఏమీ అనలేదు.

మాస్టారు రాలేదు. ముందే ఇంటికెళ్లి చూపించాను, ఎందుకు తగ్గించామో చెప్పాను. "మీ ఇష్టం, మీ సినిమా" అన్నారు. నొచ్చుకున్నారు, దాచుకోవడం కూడా చేతకాలేదు పాపం. ఆరు గంటలు అంత ఓపిగ్గా చెప్పిన మనిషిని 50 సెకన్లకు తెచ్చినప్పుడు ఏ వివరణా సరిపోదు. వాడని ఫుటేజీ ఆ మనుషులదే కదా అని, కావాలంటే మొత్తం ఇస్తామన్నాను. ఆయన ఒక్క ముక్కే అడిగారు, పాత ఊరి వీధులు వరసగా చెప్పిన 41 నిమిషాలు. పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చాను.

నెల తర్వాత ఫోన్ చేశారు. గొంతు మామూలుగానే ఉంది. టీవీకి పెట్టుకుని చూస్తున్నారట. "మా ఆవిడ ఆపించేసిందండీ మధ్యలో" అన్నారు. "రెండో వీధి మలుపులో ఆడవాళ్ల బావి ఉండేది, అది చెప్పలేదేం అంటోంది. అక్కడి నుంచి మొదలుపెట్టి రాత్రి పదకొండు దాకా చెబుతూనే ఉంది. నాకే తెలియదు అందులో సగం."

ఆమెను మేం ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు. మా ఫుటేజీలో ఆమెది చీర అంచు ఉంది, అది కూడా రెండో సిట్టింగ్‌లో, మూడు సెకన్లు.